పిన్ని ‘మీరు’ అన్న రోజు

ఆ మంగళవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ముందు గదిలో తాతయ్య. ఆయన చెవి మిషను చెవిలో కాకుండా బల్ల మీద ఉంది. లోపలి గదిలో, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న అమ్మ. కుట్టు గదిలో పిన్ని. పిన్ని పక్కన కత్తెర పట్టుకుని నేను. వీళ్లు కాక, చనిపోయిన ఒక మాష్టారి చొక్కాలు పద్నాలుగు. చొక్కాలను మనుషుల లెక్కలో కలపకూడదు. కానీ జరిగిందంతా వాటిలో ఒకదాని జేబుతో మొదలైంది కాబట్టి కలిపాను. నాన్న లేడు. ఆయన దూరాలు పోయే బస్సు నడుపుతాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి వెళ్తాడు.

పిన్ని అమ్మకి చెల్లెలు. మాతోనే ఉంటుంది. పాత బట్టలతో బొంతలు కుడుతుంది. పిల్లలు ఎదిగిపోయాక వాళ్ల చిన్నప్పటి గౌన్లు, ఇంట్లో ఒకరు పోయాక వాళ్లు కట్టి విడిచినవి, ఇలా ఎవరెవరో మూటలు తెచ్చి ఇస్తారు. పిన్ని వాటిని ముక్కలు చేసి మళ్లీ ఒకటిగా కుడుతుంది. పూర్తయ్యాక కిటికీ కింద పరిచి, ఎండ ఏటవాలుగా పడే వేళ చూసి ఫొటో తీసి తన పేజీలో పెడుతుంది. బొంత ఎవరిది వాళ్లకు వెళ్లిపోతుంది. పిన్నికి మిగిలేది ఆ ఫొటో. పోయినేడు ఫోన్ నీళ్ల బకెట్లో పడ్డాక, ఆ ఫొటోలు కూడా పేజీలో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ వారం పేజీకి ఇంకో పని కూడా పడింది. ఒక కుట్టుపని శిక్షణ కేంద్రం వాళ్లు చేతికుట్టు నేర్పడానికి మనిషి కావాలన్నారు. పిన్ని పదో తరగతితో ఆపేసింది. చూపించడానికి సర్టిఫికెట్ ఒక్కటీ లేదు. ఫర్వాలేదు, శుక్రవారం అందరం కూర్చుని మీ పేజీ చూసి చెప్తాం అన్నారు వాళ్లు. అప్పటినుంచి పిన్ని రోజుకు రెండుసార్లు పేజీ తెరిచి, మొదటి బొంత దాకా జరుపుకుంటూ వెళ్లి, మళ్లీ పైకి వచ్చేది. పెళ్లిచూపులకు ముందు అద్దంలో చూసుకున్నట్టు చూస్తున్నావేంటే అని అమ్మ నవ్వేది.

ఆ పేజీని నాలుగేళ్ల కిందట చేసి పెట్టింది నేను. అప్పటికి నాకు పదకొండేళ్లు. పిన్ని ఫోన్ మాటిమాటికీ పాడవుతుందని, పేజీకి ఇంటి ఫోన్ నంబరు ఇచ్చాను. ఇంటి ఫోన్ అంటే అమ్మ పాత ఫోను. ఇల్లు కదలదు. అది నా దగ్గరే ఉంటుంది.

నాకు నలుగురిలో నోరు పెగలదు. బడిలో హాజరు పలకడానికి కూడా చెయ్యి ఎత్తి ఊరుకుంటాను. తాతయ్య నన్ను తాళంకప్ప అని పిలుస్తాడు. ఆయన నలభై ఏళ్లు తాళాలు బాగుచేశాడు కాబట్టి ఆయన నోట అది మెచ్చుకోలే. ఎవరికీ చెప్పదు కదా అని ఇంట్లో అందరూ తమ పాస్‌వర్డులు నాకు అప్పజెప్పారు. పెట్టేదీ నేనే, గుర్తుపెట్టుకునేదీ నేనే. పాస్‌వర్డ్ అడిగితే చాలు, పిన్ని ఫోన్ నా చేతిలో పెట్టి తను సూదిలో దారం ఎక్కించుకునేది. నేను ఎవరికీ చెప్పను, నిజమే. రాస్తాను. అందరివీ డైరీ ఆఖరి పేజీలో వరసగా ఉన్నాయి.

రాయడంలో నాకు సిగ్గు లేదు. పేజీలో బొంతల కింద ఎవరు ఏం అడిగినా పిన్ని తరఫున నేనే జవాబు రాసేదాన్ని. ‘పిన్ని ఇప్పుడు ఇంట్లో లేదండీ, సాయంత్రం వస్తుంది. ఇంటి ఫోన్ నా దగ్గరే ఉంటుంది, ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి.’ ఇలాంటివి ఎన్ని రాశానో. ఎదురుగా మనిషి ఉంటే ఒక్క ముక్క అనలేని నేను, అక్కడ లోకమంతటికీ మా ఇంటి సంగతి చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఇంకొకటి చెప్పాలి. మా ఇంట్లో ‘మీరు’ అంటే కోపం. మామూలుగా పిన్ని నన్ను ఏమే అంటుంది, రావే, పోవే, తిన్నావటే అంటుంది. ఒళ్లు మండిందంటే గొంతు పెంచదు. మర్యాద పెంచుతుంది. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు, ‘తమరి ప్రతిభ చూశామండీ’ అని అమ్మ అన్నది ఒక్క మాటే. దానికంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది. చిన్నప్పటినుంచీ అంతే కాబట్టి, ‘మీరు’ అని వినగానే నా కాళ్లు వాటంతటవే పరిగెత్తడానికి సిద్ధమవుతాయి.

ఆ రోజు చొక్కాలు కత్తిరించడంలో సాయం చేస్తున్నాను. అవి తెచ్చింది ఒక రిటైరైన టీచరమ్మ. పోయిన మాష్టారు ఆవిడ భర్త. తెల్ల చొక్కా ఒకదానికి జేబు మీద అరచేతంత సిరా మరక ఉంది. మరక పడిన గుడ్డ ఎందుకని ఆ జేబు కోసి, పనికిరాని ముక్కల్లో వేశాను. ఉదయమే చిత్తుగుడ్డలు ఏరుకునే ఆవిడ వచ్చి ఆ సంచి ఎత్తుకుపోయింది. మధ్యాహ్నం పిన్ని జేబు ఏదని అడిగింది. నేను చెప్పాను.

ఆ మరక కోసమే టీచరమ్మ బొంత కుట్టించుకుంటోందట. మాష్టారి పెన్ను కారని రోజు లేదట. పిన్ని నా చేతిలోంచి కత్తెర తీసుకుని పక్కన పెట్టింది.

“తమరు దయచేసి ఇంక కత్తెర ముట్టుకోకండి,” అంది.

చెప్పులు వేసుకుని చిత్తుగుడ్డల ఆవిడను వెతుక్కుంటూ ఎండలో వెళ్లింది. నేను గది మధ్యలో నిలబడిపోయాను.

అరగంటకి ఇంటి ఫోన్‌కి కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. నంబరు పక్కన ఉన్న బొమ్మ పిన్ని కుట్టిన బొంతే, నీలం గళ్లది. ‘నేను పిన్నిని. నా ఫోన్ పాడైంది, వేరే ఫోన్ నుంచి రాస్తున్నాను. ఇంటి ఫోన్‌కి ఆరు అంకెల కోడ్ వస్తుంది. దయచేసి వెంటనే పంపండి.’

ఇంకెవరి పిన్నైనా కూతురు వరస పిల్లకి ‘పంపండి’ అని రాస్తే, ఆ పిల్లకి వెంటనే అనుమానం వచ్చేది. నాకు రాలేదు. నాకు అది అచ్చం పిన్నిలాగే వినిపించింది. ఆ ‘దయచేసి’ కూడా అరగంట కిందట ఎలా అందో అలాగే ఉంది. అంతలో కోడ్ వచ్చింది. ‘ఈ కోడ్ ఎవరికీ చెప్పకండి’ అని దాని కిందే ఉంది. చదివాను. పిన్ని పేజీ కోడ్ పిన్నికి చెప్పడం ఎవరికో చెప్పడం ఎలా అవుతుంది అనుకున్నాను. ఇంకో మెసేజ్ వచ్చింది. ‘ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?’

ఆరు అంకెలూ పంపించాను. వెనకే ఇంకోటి రాశాను. ‘పిన్నీ, కోపం పోయిందా?’

దానికి జవాబు రాలేదు.

సాయంత్రం నాలుగింటికి పిన్ని వచ్చింది. మోచేతుల దాకా దుమ్ము. జేబు దొరికింది. ఆరు సంచులు వెతికాక ఏడోదాంట్లో ఉందని తాతయ్యకు చెప్పింది, నాకు కాదు. జేబును దులిపి, టీచరమ్మకు చూపిద్దామని ఫొటో తీసి, పేజీ తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది. ఎప్పటిలా ఫోన్ నాకు అందించింది, మొహం మాత్రం పక్కకు తిప్పుకుని. నేను కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు అంది. పిన్ని చేతిలో ఫోన్ పాడవలేదని, మధ్యాహ్నమంతా బాగానే పనిచేసిందని నాకు అప్పుడు తట్టింది.

ఇంటి ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి చూశాను. ఆ నంబరు పక్కన నీలం బొంత బొమ్మ లేదు. బూడిదరంగు గుండ్రటి మచ్చ ఉంది. నేను అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. ఆ మెసేజ్‌లన్నీ చెరిపేశాను.

బుధవారానికి పేజీ పేరు మారిపోయింది. బొంతల పైన నల్ల కళ్లద్దాల ఫొటోలు వచ్చాయి, పదకొండు. అమ్మ ఫోన్‌లోంచి చూస్తూ కూర్చుంది పిన్ని. తప్పు తనదేనని ఆమె నిర్ణయించేసుకుంది. పోయిన వారం బస్సులో వస్తూ, ఫోన్‌లో ఏదో బహుమతి అంటే నొక్కానని, అదే కొంప ముంచిందని అమ్మతో పదిసార్లు చెప్పింది. నేను పక్కనే కూర్చుని వింటున్నాను. కారణం ఆ నొక్కడం కాదని నాకు తెలుసు. పేజీలు నడిపే కంపెనీ వాళ్ల సహాయం కోసం పిన్ని ప్రయత్నించింది. మొహం చూపించమన్నారు. ఫోన్ ముందు కుడికీ ఎడమకీ తల తిప్పి చూపించింది. పేజీలో ఉన్న ఫొటోలతో సరిపోలలేదని వచ్చింది. ఎలా సరిపోలుతుంది? మూడువందల పైచిలుకు ఫొటోల్లో పిన్ని మొహం ఒక్కటీ లేదు. బొంతను పట్టుకున్న చేతులు మాత్రం ఉన్నాయి. “ముందే చేతులు చూపించమంటే సరిపోయేదిగా,” అని పిన్ని తన వేళ్ల వంక చూసుకుంది.

మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు గది అంతా వినిపించింది. పిన్ని పేజీ నుంచి ఆవిడకు మెసేజ్ వెళ్లిందట, నీకో కోడ్ వస్తుంది, పంపు అని.

“ముప్పైఆరేళ్లు పాఠాలు చెప్పినదాన్నమ్మా నేను. నన్ను పట్టుకుని ‘నువ్వు పంపు’ అని రాస్తావా? పంపను పో.”

అది తను రాసింది కాదని నచ్చజెప్పడానికి పిన్నికి పావుగంట పట్టింది. తాతయ్య చెవి మిషను పెట్టుకుని మరీ విని, నవ్వాడు. మర్యాద తప్పి రాయబట్టి ఆవిడ బతికిపోయిందన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాతో ‘మీరు’ అన్నవాడు ఆవిడతో ‘నువ్వు’ ఎందుకన్నాడా అని ఆలోచించాను. పేజీ లోపలికి వెళ్లాక, అందులోంచి పిన్ని నాకు రాసిన పాత మెసేజ్‌లు చదివి ఉంటాడు. తిన్నావటే, జ్వరం తగ్గిందటే, రంగు దారాలు పట్టుకురావే. పిన్ని అందరితో అలాగే మాట్లాడుతుందని నేర్చుకుని ఉంటాడు. పేజీ పోయినదానికంటే అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అవి నావి.

ఆ సాయంత్రం తాతయ్య తన పాత తాళాల పెట్టె ముందేసుకుని నూనె పెడుతున్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తాళంచెవి పోయింది, కొత్తది చేసివ్వమని ఎవరొచ్చినా, ఆ ఇల్లు వాళ్లదో కాదో ఎలా తెలుసుకునేవాణ్ణో తెలుసా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. మీ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా అని అడిగేవాడట. ఆ ఇంట్లో ఉండేవాళ్లకి నోటికంటే ముందు చెయ్యి కదులుతుందట, తలుపు తోస్తున్నట్టో లాగుతున్నట్టో. దొంగవాడు మాత్రం ఆలోచించి నోటితో చెప్తాడట. “మన వీధి తలుపు ఎటే?” అన్నాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు తోసింది. తాతయ్య నవ్వి, “ఇంటిదానివే,” అన్నాడు. తర్వాత ఒక తాళాన్ని గుడ్డతో తుడుస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి దొంగ తనే వచ్చి చెప్తే ఆయనకి ఆ శ్రమ తప్పుతుంది.”

ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

గురువారం పొద్దున బడికి వెళ్లాను. సెలవులే అయినా కంప్యూటర్ మాష్టారు పాత మిషన్లు విప్పుకుంటూ ఉంటారు. నాకు తెలిసినవాళ్ల పేజీ పోయిందని చీటీ మీద రాసి ఇచ్చాను. ఆయన చీటీ చదివి, నా మొహం చదివి, తెలిసినవాళ్లు ఎవరని అడగలేదు. పేజీ చేసినప్పుడు ఏదో ఒక మెయిల్ ఇచ్చి ఉంటారు, నంబరూ మెయిలూ మార్చేశారని ఆ పాత మెయిల్‌కి ఉత్తరం వచ్చి ఉంటుంది, మార్చింది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి అని అందులో ఉంటుంది అన్నారు. దానికి గడువు ఉంటుందనీ, పేజీని ఎప్పుడూ వాడే ఫోన్‌లోంచే నొక్కాలనీ, కొత్త ఫోన్‌ను అది నమ్మకపోవచ్చనీ చెప్పారు. లేచి వస్తుంటే వెనకనుంచి ఇంకో మాట అన్నారు. “కోడ్ చెప్పిన పిల్లకి చెప్పు. మొన్న పరీక్షలో ఈ పాఠానికి పదికి పది వచ్చింది దానికి.”

ఆ మెయిల్ నాలుగేళ్ల కిందట నేనే చేశాను. అలాంటిది ఒకటి ఉందని పిన్నికి తెలియదు. దాని పాస్‌వర్డ్ డైరీ ఆఖరి పేజీలో ఉంది.

దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. పిన్ని ఫోన్ ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, నొక్కేసి, పేజీ తిరిగి తెచ్చి ఇవ్వవచ్చు. బస్సులో నొక్కిన బహుమతే కారణమని పిన్ని అనుకుంటూనే ఉంటుంది. నన్ను మెచ్చుకుంటుంది కూడా. కానీ ఆమె అప్పుడు బస్సులో నొక్కినదానికి జాగ్రత్త పడుతుంది. అసలు కన్నం నేను. ఇంకోసారి ఎవరైనా ‘దయచేసి’ అంటే, మళ్లీ పంపేది కూడా నేనే.

ఇంటికి వచ్చేసరికి పిన్ని మాష్టారి చొక్కాలు కుడుతోంది. సిరా జేబు మధ్యలో పెట్టింది. మరక ఇప్పుడు పువ్వులా కనిపిస్తోంది. చెప్పడానికి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుని డైరీలో ఒక పేజీ రాశాను. మెసేజ్ ఎప్పుడు వచ్చిందో, ఏమని వచ్చిందో, నేను ఏమని రాశానో, చెరిపేసిన సంగతీ, కంప్యూటర్ మాష్టారు చెప్పిన పాత మెయిల్ సంగతీ, అన్నీ. డైరీని కుట్టు మిషను మీద, సూది పక్కన తెరిచి పెట్టాను. నా డైరీ ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు.

పిన్ని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ‘పిన్నీ, కోపం పోయిందా’ దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

“‘పంపండి’ అని రాశాడా?” అంది.

తల ఊపాను.

“అయితే నేనే అనుకున్నారా తమరు?”

మళ్లీ తల ఊపాను. పిన్ని పెదవులు బిగబట్టింది. తిట్టడానికో, ఏడవడానికో, నవ్వడానికో తెలియలేదు. పక్క గదిలోంచి అమ్మ ఏమైందే అని అడిగింది. ఏమీ లేదంది పిన్ని. తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

“తెరవండి ఆ మెయిలు.”

మెయిల్ తెరిచాను. ఉత్తరం ఉంది, మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి వచ్చింది. దానిమీద నొక్కితే చాలాసేపు గుండ్రంగా తిరిగింది. నీళ్లు తాగాలనిపించినా లేవలేదు. ఆ మెయిల్‌కే ఒక కోడ్ వచ్చింది. కోడ్ చూడగానే నా చెయ్యి వెనక్కి పోయింది. పిన్నే ఒక్కో అంకె పైకి చదువుకుంటూ కొట్టింది. పేజీ తెరుచుకుంది. పైన నల్ల కళ్లద్దాలు, వాటి కింద నీలం గళ్ల బొంత, దాని కింద మిగతావన్నీ. పిన్ని జరుపుకుంటూ జరుపుకుంటూ మొదటి బొంత దాకా వెళ్లింది. అది నా చిన్నప్పటి గౌన్లతో కుట్టింది. అక్కడ ఆగి, రేపే శుక్రవారం అని ఊపిరి వదిలింది. తర్వాత పైకి వచ్చి కళ్లద్దాలను ఒక్కొక్కటే తీసేసింది. చుండ్రు ఏరినట్టు ఏరుతున్నావేంటమ్మా అన్నాడు తాతయ్య, గుమ్మంలో నిలబడి. చుండ్రు ఏరరు నాన్నా, పేలు ఏరతారు అంది పిన్ని. రెండు రోజుల తర్వాత పిన్ని నోట విన్న మొదటి జోకు అది.

పేజీ ఏయే ఫోన్లలో తెరిచి ఉందో చూపించే చోట మాకు తెలియని ఫోన్ ఒకటి ఉంటే పిన్ని దాన్ని బయటికి పంపించింది. ఇంటి నంబరు తీసేసి తన నంబరు పెట్టింది. ఇంటి ఫోన్ నా దగ్గర ఉంటుందని నేను రాసిన జవాబులు వెతికి చెరిపించింది, నా చేతే. యాభై ఆరు ఉన్నాయి. పని చెప్పినంతసేపూ ‘ఇది చూడండి, అది తీయండి’ అనే అంది. నేను లెక్కపెట్టుకోవడం మానేశాను.

అన్నీ అయ్యాక, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని ఫోన్ అడిగింది. నాలుగేళ్ల అలవాటు. నా చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది.

పిన్ని నా చేతిని చూసింది. డైరీ తీసుకుని, ఆఖరి పేజీ చింపి, మడిచి జాకెట్టులో పెట్టుకుంది. మిగతా డైరీ మూసి నా చేతిలో పెట్టింది. భుజం పట్టుకుని లేపి, గడప దాటించింది.

“ఈ పాస్‌వర్డ్ నేనే పెట్టుకుంటాను. నువ్వు వెళ్లి అన్నం తిను, పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు. నడువే,” అని తలుపు మూసేసింది.